చిన్నమెదడులో స్ట్రోక్: కాళ్లలో బలం ఉన్నా నిలబడలేరు.. మళ్లీ మామూలు మనిషి అవుతారా? డాక్టర్లు ఎలా అంచనా వేస్తారంటే..

మూతి వంకర పోదు. చెయ్యి పడిపోదు. కాలు లాగదు. అయినా మనిషి మంచం దిగి రెండు అడుగులు వేయలేడు. పక్షవాతం అంటే ఒక పక్క పడిపోవడమే అనుకునే మనకు ఇది పక్షవాతంలా కనిపించదు. కానీ ఇదీ స్ట్రోకే. తల వెనుక కింది భాగంలో ఉండే చిన్నమెదడుకు, అంటే సెరెబెల్లమ్‌కు రక్తం ఆగిపోతే వచ్చే స్ట్రోక్. మొత్తం స్ట్రోక్ కేసుల్లో ఇవి కొద్ది శాతమే. అందుకే దీని గురించి జనానికి తెలిసింది తక్కువ. కోలుకోవడం గురించి ముందే చెప్పడం డాక్టర్లకూ కొంచెం కష్టమే.

కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు మండలంలో ఓ కౌలు రైతు ఉన్నాడనుకుందాం. వయసు 58. బీపీ ఉంది, మాత్రలు ఒకరోజు వేసుకుంటాడు, నాలుగు రోజులు మర్చిపోతాడు. ఊడ్పుల రోజుల్లో తెల్లవారుజామున చేలోకి వెళ్లబోతూ లేచాడు. ఇల్లంతా గిర్రున తిరిగింది. వాంతులు. గోడ పట్టుకున్నా ఎడమ పక్కకే ఒరిగిపోతున్నాడు. ఇంట్లో వాళ్లు ‘పైత్యం చేసింది’ అన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి వాంతులు తగ్గడానికి ఇంజెక్షన్ చేశాడు. మర్నాడు మనిషి మగతగా పడి ఉంటే అప్పుడు గుడివాడ, అక్కడి నుంచి విజయవాడ. స్కానింగ్ అయ్యాక ఐసీయూ బయట కొడుకు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే.. “డాక్టరు గారండీ, మా నాన్న మళ్లీ నడుస్తాడా?”

ఈ ప్రశ్నకు జవాబు ఎలా వెతుకుతారన్నదే ఇక్కడ విషయం.

చిన్నమెదడు చేసే పని ఏంటి?

బరువులో, పరిమాణంలో చూస్తే మెదడులో ఇది పదో వంతు. కానీ మెదడు మొత్తంలోని నాడీకణాల్లో దాదాపు 80 శాతం ఇందులోనే ఉంటాయి. ఇది కండరాలకు బలం ఇవ్వదు. ఆ బలం ఎప్పుడు, ఎంత, ఏ వరసలో వాడాలో సరిచూస్తుంది.

డెల్టా వాళ్లకు ఇది చెప్పడం తేలిక. నీళ్లు ప్రకాశం బ్యారేజీ నుంచి వస్తాయి. ఏ కాలువకు ఎంత వదలాలో చూసుకునేది లాకుల దగ్గర లస్కర్. లస్కర్ లేకపోతే నీళ్లు ఆగవు. ఒక చేను మునుగుతుంది, పక్క చేను ఎండుతుంది. చిన్నమెదడు దెబ్బతిన్న మనిషిలో జరిగేదీ అదే. బలం ఉంటుంది, అదుపు ఉండదు. గ్లాసు అందుకోబోతే చెయ్యి దాన్ని దాటి పోతుంది. కాలు ఎత్తితే ఎక్కడ పడుతుందో తెలియదు. మాట ముద్దగా, తాగిన వాడిలా వస్తుంది. అందుకే ఇలాంటి కొందరిని చూసి ‘పొద్దున్నే తాగాడు’ అని వదిలేసిన సందర్భాలూ లేకపోలేదు.

ఇంకో తేడా ఉంది. పెద్దమెదడులో కుడివైపు స్ట్రోక్ వస్తే ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోతాయి. చిన్నమెదడులో అలా కాదు. ఎడమవైపు దెబ్బతింటే ఎడమ చెయ్యి, ఎడమ కాలే అదుపు తప్పుతాయి.

మొదటి అయిదు రోజులు: అంచనా నడక గురించి కాదు, ప్రాణం గురించి

కొడుకు నడక గురించి అడుగుతున్నాడు. డాక్టరు మాత్రం అప్పటికి ఇంకో లెక్కలో ఉంటారు. రక్తం అందక చచ్చిపోయిన భాగం వాస్తుంది. ఈ వాపు సాధారణంగా రెండో రోజు నుంచి అయిదో రోజు మధ్య ఎక్కువగా ఉంటుంది. చిన్నమెదడు ఉండే చోటు ఇరుకు. ముందు మెదడు కాండం, చుట్టూ ఎముక. వాచిన భాగం ముందుకు నొక్కితే ఊపిరి, స్పృహ చూసే కాండం నలుగుతుంది. మెదడు నీరు కిందికి దిగే దారి మూసుకుపోతే పైన నీరు నిండుతుంది.

అందుకే మొదటి రోజు లేచి కబుర్లు చెప్పిన పేషెంట్ మూడో రోజు మగతలోకి జారుకోవచ్చు. ‘రాత్రంతా నిద్ర లేదు, ఇప్పుడు పడుకున్నాడు, లేపకండి’ అని ఇంట్లో వాళ్లు నర్సుకు చెప్పే మాట ఇక్కడ ప్రమాదం. ఆ మగతే మొదటి హెచ్చరిక. పెద్ద స్ట్రోక్ అయితే ఈ రోజుల్లో పేషెంట్ న్యూరోసర్జన్ అందుబాటులో ఉన్న ఆస్పత్రిలోనే ఉండాలని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

మందులతో ఆగకపోతే తల వెనుక ఎముక కొంత తీసి వాపుకు చోటిస్తారు. అవసరమైతే నీరు బయటకు పోయేలా గొట్టం వేస్తారు. పుర్రె తెరుస్తామనగానే బంధువులు హడలిపోతారు. నిజానికి చిన్నమెదడు స్ట్రోక్‌లో ఈ ఆపరేషన్‌కు ఉన్న పేరు చెడ్డది కాదు. మెదడు కాండం దెబ్బతినకుండా ఉండి, మనిషి కోమాలోకి వెళ్లకముందే చేస్తే తర్వాత సొంతంగా బతికే వాళ్లు చాలామందే ఉంటారు. ఆలస్యమైతే, వయసు బాగా మీదపడితే ఫలితం తగ్గుతుంది. కోలుకోవడం గురించిన అంచనాల్లో ‘మొదట్లో స్పృహ ఎలా ఉంది’ అన్నది ఎప్పుడూ పై వరసలో ఉండటానికి కారణం ఇదే.

మామూలు స్కోరు ఇక్కడ పనికిరాదు

స్ట్రోక్ ఎంత తీవ్రమో కొలవడానికి ప్రపంచమంతా ఎన్‌ఐహెచ్ స్కేల్ వాడుతుంది. గరిష్ఠం 42 మార్కులు. ఎక్కువ వస్తే తీవ్రత ఎక్కువ. చాలా స్ట్రోక్‌లకు ఈ మార్కును బట్టే మూడు నెలల తర్వాత మనిషి ఎలా ఉంటాడో ఓ మోస్తరుగా చెప్పేయొచ్చు.

చిన్నమెదడు దగ్గరికొచ్చేసరికి ఈ కొలత తప్పుతుంది. చేతులు, కాళ్ల తడబాటుకు ఇందులో ఇచ్చేది గరిష్ఠంగా 2 మార్కులే. నడిపించి చూడటం, కూర్చోబెట్టి చూడటం అసలు ఇందులో లేవు. పరీక్ష అంతా మంచం మీదే. కాబట్టి నిలబడలేక వాంతులు చేసుకుంటున్న మనిషికి కూడా సున్నా మార్కులు రావచ్చు. కాగితం మీద ‘ఏమీ లేదు’. అలాంటి వాళ్లను తల తిరుగుడు మాత్రలిచ్చి ఇంటికి పంపేస్తే పైన చెప్పిన మూడో రోజు ఇంట్లో వస్తుంది.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది. మూడో రోజు ఇద్దరు పట్టుకున్నా తూలిపోయే మనిషిని చూసి ‘ఇక మంచానికే’ అని బంధువులు తేల్చేస్తారు. పొలం కౌలు వదిలేస్తారు, గేదెలు అమ్మేస్తారు. ఆ మనిషి మూడు నెలలకు కర్ర పట్టుకుని టీ కొట్టు దాకా వచ్చేస్తాడు.

తల తిరుగుడు స్ట్రోక్ వల్లా, చెవి లోపలి సమస్య వల్లా అని తేల్చడానికి కళ్ల కదలికలు చూసే మూడు భాగాల పరీక్ష ఉంది. పేరు హింట్స్. 2009లో అమెరికా డాక్టర్లు దీన్ని ప్రచురించారు. తొలి రెండు రోజుల ఎమ్మారైలో దొరకని కొన్ని స్ట్రోక్‌లు కూడా ఈ మంచం పక్కన పరీక్షకు దొరికాయి. అయితే అలవాటున్న డాక్టరు చేస్తేనే. ఇక మామూలు సీటీ స్కాన్‌లో తల వెనుక భాగం ఎముకల నీడల మధ్య సరిగా కనపడదు. ‘సీటీ నార్మల్’ అన్న కాగితం చూసి ధైర్యపడిపోవద్దనేది ఇందుకే.

మరి దేన్ని చూసి చెబుతారు?

మొదటిది.. ఏ రక్తనాళం మూసుకుపోయింది? చిన్నమెదడుకు ప్రతి పక్కా మూడు నాళాలు వస్తాయి. కింది భాగానికి వెళ్లే నాళం మూసుకుపోతే తల తిరుగుడు, వాంతులు భయంకరంగా ఉంటాయి. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. కానీ వాపు గండం దాటితే వీళ్లలో చాలామంది బాగా కోలుకుంటారు. పై భాగానికి వెళ్లే నాళం మూసుకుపోతే తల తిరుగుడు తక్కువే, మాట ముద్దవడం, చెయ్యి అదుపు తప్పడం ఎక్కువ. వీళ్లు నెమ్మదిగా కోలుకుంటారు. రిహాబిలిటేషన్‌లో చేరిన చిన్నమెదడు స్ట్రోక్ పేషెంట్ల మీద 2001లో ‘స్ట్రోక్’ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. పై నాళం స్ట్రోక్, మొదట్లో స్పృహ తగ్గడం, అప్పటికే ఉన్న ఇతర జబ్బులు.. ఈ మూడూ ఉన్నవాళ్ల ఫలితాలు తక్కువగా ఉన్నాయి. అంటే మొదటి రోజు ఎక్కువ గోల చేసిన లక్షణమే చివరికి ఎక్కువ నష్టం చేస్తుందని లేదు.

దీనికి కారణం రెండో అంశంలో ఉంది. చిన్నమెదడు పైపొరలో లెక్కలు వేస్తుంది. ఆ లెక్కలు దాదాపు అన్నీ బయటకు వెళ్లేది లోపల లోతుగా ఉండే కొన్ని చిన్న కణాల ముద్దల గుండా. వాటిని డీప్ న్యూక్లియై అంటారు. వాటిలో పెద్దది డెంటేట్. చేను మొత్తానికి ఒకటే తూము ఉన్నట్టు. పైపొర చాలా భాగం పోయినా తూము బాగుంటే మిగిలిన చేను నీళ్లు అందులోంచే పోతాయి, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. తూమే కూలిపోతే చిన్న దెబ్బకే పెద్ద నష్టం. పై నాళం రక్తం ఇచ్చే ప్రాంతంలో ఈ తూములు ఎక్కువగా ఉన్నాయి. అందుకే ఎమ్మారైలో మచ్చ ఎంత పెద్దదన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ‘ఎంత పెద్ద స్ట్రోకండీ?’ అని అడిగే బంధువులు ‘లోపలి న్యూక్లియై దెబ్బతిన్నాయా?’ అని కూడా అడిగితే డాక్టరు చెప్పే జవాబులో స్పష్టత పెరుగుతుంది.

మూడోది.. మెదడు కాండం కూడా దెబ్బతిందా? మింగలేకపోవడం, ఒకటి రెండుగా కనపడటం, ముఖం తిమ్మిరి లాంటివి ఉంటే స్ట్రోక్ చిన్నమెదడు దగ్గర ఆగలేదని అర్థం. అప్పుడు అంచనా మొత్తం మారుతుంది.

వయసు, పాత స్ట్రోక్, షుగర్, గుండె జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. రక్తస్రావం అయితే లెక్క వేరు. మొదటి రోజుల గండం ఎక్కువ, గడ్డ 3 సెంటీమీటర్లు దాటితే ఆపరేషన్ మాట వస్తుంది.

ఇవన్నీ చూశాక డాక్టరో, ఫిజియోథెరపిస్టో మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి చూస్తారు. దీనికి సారా అనే స్కేల్ ఉంది. పేరు వినగానే వేరే సారా గుర్తొస్తుంది కానీ ఇది తూలుడు కొలిచేదే. 2006లో వచ్చింది. నడక, నిలబడటం, కూర్చోవడం, మాట, వేలితో ముక్కు ముట్టుకోవడం, మడమను మోకాలి నుంచి కిందికి జార్చడం.. ఇలా 8 అంశాలు, 0 నుంచి 40 మార్కులు. మొదటి వారం వచ్చిన మార్కు కన్నా, మొదటి వారానికీ నెలకూ మధ్య ఎంత తగ్గిందన్నది ఇంటివాళ్లకు ఎక్కువ ఉపయోగం.

చెయ్యి పడిపోయిన వాళ్లకు, కాలు పడిపోయిన వాళ్లకు ఫలితం ముందే చెప్పే లెక్కలు న్యూజిలాండ్, నెదర్లాండ్స్ పరిశోధకులు తయారుచేశారు. భుజం ఎత్తగలడా, వేళ్లు కదపగలడా అని మూడు రోజుల్లో చూసి చెప్పే పద్ధతులవి. అవి బలం తగ్గినప్పుడు పనిచేస్తాయి. చిన్నమెదడు పేషెంట్‌కు బలం తగ్గలేదు కదా. ఆ లెక్కలు తెచ్చి ఇక్కడ పెడితే తప్పు జవాబే వస్తుంది.

ఎన్నాళ్లు పడుతుంది?

తల తిరుగుడు చాలామందిలో రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. నడకలో పెద్ద మార్పు మొదటి మూడు నెలల్లో కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా మెరుగుదల ఉంటుంది కానీ నెమ్మదిగా. చిన్నమెదడుకు తట్టుకునే శక్తి ఎక్కువన్న సంగతి కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తల వెనుక తూటా గాయాలైన సైనికులను చూసిన బ్రిటిష్ డాక్టర్ గోర్డాన్ హోమ్స్ 1917లోనే తూలుడు లక్షణాలన్నీ వివరంగా రాశారు. మిగిలిన చిన్నమెదడు, పెద్దమెదడు కలిసి పోయిన పనిని కొంతవరకు భుజాన వేసుకుంటాయి.

అయితే అది ఊరికే జరగదు. తూలుతున్నాడని మంచం మీదే ఉంచేస్తే మెదడుకు సరిదిద్దుకోవడానికి తప్పులే దొరకవు. పడకుండా ఒకరు పక్కన ఉండి, రోజూ కూర్చోవడం, లేవడం, నిలబడి బరువు పక్కకు మార్చడం, నేల మీద గీత గీసి దాని మీద నడవడం చేయించాలి. ఇంకో సంగతి. తల తిరుగుడు ఆపే కొన్ని మాత్రలు మొదటి రెండు మూడు రోజులకు బాగానే ఉంటాయి. వారాల తరబడి వేస్తే మెదడు సర్దుకోవడాన్నే అవి నెమ్మది చేస్తాయి. ‘ఆ మాత్ర బాగా పనిచేసింది’ అని మందుల షాపులో చీటీ లేకుండా కొని నెలలు వాడే అలవాటు మనకు ఉంది. ఎన్ని రోజులు వేయాలో డాక్టరును అడిగి తీరాలి.

‘మంచి ఫలితం’ అంటే ఎవరికి మంచి?

పరిశోధనల్లో ఫలితాన్ని ర్యాంకిన్ స్కేల్‌తో చెబుతారు. సున్నా అంటే ఏ లక్షణమూ లేదు, 6 అంటే మరణం. 0 నుంచి 2 వరకు వస్తే ‘మంచి ఫలితం’ కింద రాసుకుంటారు. 2 అంటే మునుపటి పనులన్నీ చేయలేడు కానీ తన పనులు తాను చేసుకోగలడు.

ఇప్పుడు మన కౌలు రైతు దగ్గరకు వద్దాం. మూడు నెలలకు ఇంట్లో తిరుగుతున్నాడు. స్నానం, భోజనం సొంతంగానే. ర్యాంకిన్ స్కేల్ మీద 2. లెక్క ప్రకారం ఇది విజయం. కానీ చేలోకి వెళ్లాలంటే అడుగు వెడల్పు గట్టు. పక్కన బురద. తెల్లవారకముందు చీకటి. నడక నిపుణులు చిన్నమెదడును పరీక్షించడానికి మడమకు వేలు ఆనించి ఒకే గీత మీద నడవమంటారు. డెల్టా రైతు రోజూ చేసే పని అదే. అది కూడా తడి నేల మీద, భుజాన మందు డ్రమ్ముతో. నగరంలో గుమాస్తాకు 2 వస్తే ఉద్యోగం నిలబడుతుంది. గుడ్లవల్లేరు రైతుకు 2 వస్తే కౌలు పోతుంది.

పెడనలో కలంకారీ అచ్చులు వేసే వాళ్లకు, మచిలీపట్నంలో రోల్డ్ గోల్డ్ నగల పని చేసే వాళ్లకు నడక కన్నా చెయ్యి ముఖ్యం. అచ్చు ఒక వెంట్రుక వాసి పక్కకు పడినా బట్ట పాడవుతుంది. వీళ్లకు కింది నాళం స్ట్రోక్ వస్తే పని మిగలొచ్చు. పై నాళం స్ట్రోక్ వస్తే నడక బాగున్నా పని పోవచ్చు. కాబట్టి ‘నడుస్తాడా’ అన్న ప్రశ్నతో పాటు ఆ మనిషి ఏం పని చేసేవాడో డాక్టరుకు, ఫిజియోథెరపిస్టుకు చెప్పడం చాలా అవసరం. చేయించాల్సిన సాధన దాన్ని బట్టే మారుతుంది.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో వైపు కూడా ఉంది. కొందరిలో నడక బాగుపడినా లెక్కలు తప్పడం, పని వరస మర్చిపోవడం, చిన్నదానికి కోపం రావడం మిగులుతాయి. ‘మనిషి మారిపోయాడు’ అంటారు ఇంట్లో. 1998లో అమెరికా న్యూరాలజిస్ట్ జెరెమీ ష్మామన్, ఆయన సహచరురాలు కలిసి చిన్నమెదడు దెబ్బతింటే ఆలోచన, ప్రవర్తన కూడా మారతాయని చూపించారు. అప్పటిదాకా ఇది కదలికల యంత్రమే అనుకునేవారు. ఇది నటన కాదు, పొగరు కాదు. డాక్టరుకు చెప్పాల్సిన లక్షణం.

పెన్షన్ సంగతి కూడా ఇంట్లో త్వరగానే వస్తుంది. ఏపీలో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్లకు 15,000 ఇస్తున్నారు. అవసరమైన ఇంటికి అది పెద్ద ఆసరానే. కానీ మొదటి నెల చూసిన పరిస్థితినే శాశ్వతం అనుకుని సాధన మానేయడం మాత్రం చిన్నమెదడు స్ట్రోక్‌లో పెద్ద పొరపాటు. మొదటి నెల అంచనా మారే అంచనా. వారానికి ఒకసారి, నెలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి మళ్లీ చూడాల్సిందే.

రెండో స్ట్రోక్ రాకపోతేనే ఈ లెక్కలన్నీ

ఏ అంచనా అయినా మళ్లీ స్ట్రోక్ రాదనే నమ్మకం మీదే నడుస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం నడిపిన స్ట్రోక్ రిజిస్ట్రీ వివరాలు 2002లో వచ్చాయి. మన దగ్గర పుర్రె లోపలి రక్తనాళాలు పూడుకుపోవడం పెద్ద కారణమని అందులో తేలింది. అంటే బీపీ, షుగర్, కొవ్వు, పొగ. డెల్టా పల్లెల్లో పెద్దవాళ్లు చుట్టను పొగ కింద లెక్కవేయరు. డాక్టరు ‘సిగరెట్ తాగుతారా’ అంటే ‘లేదండీ’ అంటారు, జేబులో చుట్ట ఉంటుంది. చిన్న వయసు వాళ్లలో అయితే మెడలోని నాళం చిరగడం, గుండె లయ తప్పడం కూడా వెతకాలి.

ఒక్కసారిగా తల తిరిగి, నిలబడలేక, ఒక పక్కకే ఒరిగిపోతుంటే 108కి ఫోన్ చేసి ‘తల తిరుగుతోంది’ అని మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. ‘నిలబడలేకపోతున్నాడు, మాట ముద్దగా వస్తోంది, ఫలానా టైముకు మొదలైంది’ అని చెప్పాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి సాధారణంగా ఉండేది నాలుగున్నర గంటలే. దివిసీమ చివర ఊళ్ల నుంచైతే ఆ టైములో సగం రోడ్డు మీదే పోతుంది.

మూడు నెలల చెకప్‌కు వచ్చే మగవాళ్లు దాదాపు అందరూ అడిగేది బండి గురించి. ‘నడుస్తున్నాను కదా, బండి నడపొచ్చా?’ అని. ఖాళీ గదిలో తిన్నగా నడవడం వేరు, గుడివాడ రోడ్డులో లారీని తప్పించి బండిని బ్యాలెన్స్ చేయడం వేరు. గీత మీద పది అడుగులు తూలకుండా వేయగలగాలి. తల పక్కకు తిప్పినా కళ్లు తిరగకూడదు. చెయ్యి గురి తప్పకూడదు. ఈ మూడూ డాక్టరు చూసి సరే అనేదాకా తాళం ఇంట్లో వాళ్ల దగ్గరే ఉండాలి.